ముందు పాడే మనిషి

నీళ్లు వడకట్టే మట్టి క్యాండిలు అడుగున ఉన్న బొటనవేలి గుర్తులో దమయంతి తన వేలు పెట్టి చూసుకుంది. కొలిచి చేసినట్టు సరిపోయింది. ఆ గుర్తుకు అడ్డంగా, ఏటవాలుగా, సన్నని గాటు ఒకటి ఉంది. ఎప్పుడో కత్తి కోసుకుని మానిన మచ్చ కావచ్చు. మట్టి ఇంకా పచ్చిగా ఉండగా ఎవరో ఆ వేలితో ఒక్క నొక్కు నొక్కి, ఇక ఇది పూర్తయిందని పక్కన పెట్టి ఉంటారు.

“ఏమిటమ్మా, దానితో చేతులు కలుపుతున్నావా?” అంది వెనక నుంచి డాక్టర్ వైదేహి.

దమయంతి గబుక్కున వేలు తీసేసింది. ఈ ప్రయోగశాలలో చేరి రెండేళ్లు దాటినా మేడం పలకరిస్తే ఆమె చెవులు వేడెక్కుతాయి. “లేదండీ, మిషనెక్కిస్తున్నాను” అంది నేలను చూస్తూ.

ఆ క్యాండిళ్లు సముద్రం అవతల తర్మేన్ దేశం నుంచి వస్తాయి. అక్కడ ఇష్కా లోయలో మాత్రమే దొరికే నీలపు మట్టితో చేస్తారు. ఉద్దానం నీళ్లలో ఏముందో, మూత్రపిండాలను ఏది తినేస్తోందో పెద్ద పెద్దవాళ్లే తేల్చలేకపోయారు. కానీ అదేదైనా, ఆ మట్టి దాన్ని పట్టి ఆపేస్తోంది. క్యాండిళ్లు వచ్చాక డయాలిసిస్ వార్డులో కొత్త మంచాలు వేయాల్సిన అవసరం రాలేదు. అయితే వెంట్రుకలో సగమంత పగులున్నా విషం జారిపోతుంది. అందుకే ఇంటింటికీ పంచే ముందు ప్రతి క్యాండిలూ దమయంతి చేతి మీదుగా మిషనెక్కాలి.

ఆ మిషను వైదేహి కనిపెట్టింది. క్యాండిలు మెల్లగా తిరుగుతుంటే, దారమంత సన్నని వెలుగు దాని ఒంటి మీద కింద నుంచి పైకి పాకుతుంది. ఎక్కడ గీత ఉన్నా, గుంట ఉన్నా దాన్ని శబ్దంగా మార్చి చెవిలో వినిపిస్తుంది. పగులుంటే ‘టక్’మంటుంది. ప్రయోగశాలలో అందరూ దాన్ని మట్టిచెవి అంటారు.

ఆ పూట టక్కుమనలేదు. బుస్సుమనే శబ్దం అడుగున ఇంకేదో ఉంది. బెల్టు అరిగిందేమోనని దమయంతి బెల్టు మార్చింది. అయినా అలాగే ఉంది. తిరిగే వేగం తగ్గించింది. ఇంకా తగ్గించింది. కుమ్మరి సారె తిరిగే వేగానికి వచ్చేసరికి, చెవిలో ఒక ఆడమనిషి పాడింది.

దమయంతి హెడ్‌ఫోన్లు తీసి మేడం చేతికిచ్చింది. 

వైదేహి విన్నది.  తర్వాత చిన్నపిల్లలా దమయంతి భుజం పట్టుకుని కుదిపేసింది. “చూశావా! తడి మట్టిని నునుపు చేసే రేకు ఉంటుంది కదా, అది పక్కన వచ్చే శబ్దానికి వణుకుతుంది. ఆ వణుకు మట్టిలో గీతయింది. బట్టీలో కాలి గట్టిపడిపోయింది. మనం పగులు వెతుకుతుంటే పాట దొరికిందే పిల్లా!”

పాటలో ఒకామె ముందు ఒక చరణం పాడుతోంది. వెనక చాలామంది వంత అందుకుంటున్నారు. వాళ్ల అరచేతులు మట్టి ముద్దల మీద తపతపమని తాళం వేస్తున్నాయి. ఇద్దరూ చెరొక చెవికి ఒక హెడ్‌ఫోన్ ఆనించుకుని వింటూ నవ్వుకున్నారు. అప్పుడొక మగగొంతు అరిచింది. ఏదో గట్టి వస్తువు మెత్తటి దాని మీద పడ్డ చప్పుడు. పాట ఆగింది. కాసేపటికి అదే ఆడగొంతు, ఈసారి తక్కువ స్వరంతో, ఆగిన చోటి నుంచే అందుకుంది.

ఇద్దరూ నవ్వడం మానేశారు.

*

పనసపుట్టుగ ఊళ్లో దమయంతి వాళ్లిల్లు జీడితోటల అంచున ఉంటుంది. దమయంతి వచ్చేసరికి తండ్రి లోకనాథం అరుగు మీద కూర్చుని గ్లాసులో నీళ్లను వెలుగుకు ఎత్తి చూస్తున్నాడు. అది ఆయనకు అలవాటైపోయింది. వారం వారం మిషను మీద పడుకుని రక్తం కడిగించుకునే మనిషి, ఈ క్యాండిలు నీళ్లు తాగడం మొదలుపెట్టాక మెల్లగా లేచి తిరుగుతున్నాడు. ఆస్పత్రికి వెళ్లడం నెలకోసారికి వచ్చింది.

“ఏటమ్మా, ఇయాల మీ మట్టిచెవి ఏటన్నాది?” అన్నాడు.

“పగుల్లేవంది నాన్నా.” అబద్ధం కాదు. కానీ నిజం చెప్పినట్టూ లేదు.

తల్లి గవరమ్మ దొడ్లో చేతులు కడుక్కుంటోంది. ఎన్ని కడుగులు కడిగినా ఆ నలుపు పోదు. జీడిగింజలు కొట్టే షెడ్డులో చేసే ఆడవాళ్లందరి చేతులూ అంతే. గింజపెంకులోని నూనె చర్మాన్ని తినేస్తుంది. గవరమ్మ వేళ్ల మీద గీతలు ఏనాడో చెరిగిపోయాయి. రేషను డిపోలో మిషను మీద వేలు పెడితే పడదు.

“ఇయాల డిపోవోడు మళ్లీ తిప్పి పంపీసినాడే. నీకు ఏల్లు లేవప్పా అంతాడు. మరి ఇవేటిరా, బెండకాయలా అనీసినాను.”

దమయంతి నవ్వింది. తర్వాత అడిగింది. “అమ్మా, మీ షెడ్డులో పాడేటప్పుడు ముందు పాడేది ఎప్పుడూ ఒకరేనా?”

“ఒకరే. ఇప్పుడు పారమ్మ పాడతాది. గొంతు కాకిగొంతు, ఏటి సేత్తాం. అంతకుముందు సన్యాసమ్మ పెద్దమ్మ. ఆవిడ పోయినప్పుడు నువ్వు చిన్నపిల్లవి.”

“ఆవిడ పోయాక వెంటనే పారమ్మత్త అందుకుందా?”

“యెంటనే ఎలాగ అందుకుంతాది!” గవరమ్మ తప్పుమాట విన్నట్టు చూసింది. “ఆ జాగా ఆవిడిది. ఆవిడ వంతు వచ్చినప్పుడు ఊరుకునీవోళ్లం. మా వంత మేం పాడీవోళ్లం. పెద్దకర్మ అయ్యేదాక అంతే. అయినాక ఇంకొకలు అందుకుంతారు. బతికుండి జొరమొచ్చి రాలేదనుకో, అప్పుడూ అంతే. తిరిగొచ్చేదాక ఆ జాగా ఆలదే. ఏటే, నీ మనసు పాటల మీద పడ్డాది?”

“ఊరికే” అంది దమయంతి. తండ్రి గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, మళ్లీ నింపుకుంటున్నాడు. ఆమె చూపు తిప్పేసుకుంది.

*

వైదేహి కబురు పంపితే విదేశాంగ శాఖ నుంచి చక్రపాణి గారు వచ్చారు. మెత్తటి మనిషి. మజ్జిగ ఇస్తే అడిగి మరీ రెండో గ్లాసు తాగారు. తర్మేన్‌లో చాలాకాలం పనిచేసి వచ్చినవారు కాబట్టి, క్యాండిళ్ల ఒప్పందం విషయాలన్నీ ఆయనే చూస్తారు. ఆ దేశం మన ఓడలకు రేవు ఇచ్చింది. నూనె ఇస్తోంది. పక్క దేశాలతో గొడవలొచ్చినప్పుడు మనవైపు నిలబడుతుంది. ఇవన్నీ ఆయన కుర్చీలో కూర్చోకముందే చెప్పేశారు.

పాట విన్నాక మాత్రం ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“తర్మేనీ కాదిది. ఇష్కా లోయవాళ్ల మాట. నాకు కొద్దిగా వచ్చు.”

“ఏమంటోందండీ?” అంది వైదేహి.

ఆయన చెప్పడానికి ఇష్టపడలేదు. అయినా చెప్పారు. “వంత పాడేవాళ్లు ‘విను మట్టీ విను’ అంటున్నారు. ముందు పాడే ఆవిడ... తలుపుకు బయట గడియ పెట్టారు అంటోంది. మా పిల్లలు గోడ అవతల ఉన్నారు. చెప్పినన్ని చేసేదాకా చూపించరు. విను మట్టీ విను.” కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “పనిపాటలు కదండీ. కల్పన ఉండొచ్చు.”

“ఆ దెబ్బ కూడా కల్పనేనా?” అంది వైదేహి.

చక్రపాణి కిటికీలోంచి, క్యాండిళ్ల కోసం బిందెలతో, సంచులతో నిలబడ్డ జనాన్ని చూశారు. “చూడండి డాక్టర్‌గారూ. మిత్రుడి ఇంటికెళ్లి, మీ వంటింట్లో ఇలా జరుగుతోందట అని గట్టిగా అరవలేం కదా. రేపు మట్టి ఆపేశారనుకోండి, ఆ బయటున్న వాళ్లకు మీరేం చెబుతారు? అయినా మానవ హక్కుల విషయం కాబట్టి నేను కాదనను. తగిన చోట, తగిన మాటల్లో ప్రస్తావిస్తాం. అయితే ఒట్టి రికార్డింగు వినిపిస్తే, మీరే తయారుచేశారంటారు.”

అప్పుడు దమయంతి నోరు తెరిచింది. అడక్కుండా ఆమె మాట్లాడటం అదే మొదటిసారి.

“క్యాండిలే పంపుదామండీ.”

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

“మేం పగుళ్లు చూపించేటప్పుడు అంతేనండీ. మాటల్లో రాసి పంపితే ఒప్పుకోరు. చెడ్డ ముక్కనే తిప్పి పంపుతాం. అప్పుడిక కాదనలేరు.”

“తెలివైన పిల్ల” అన్నారు చక్రపాణి. వైదేహి గర్వంగా చూసింది. దమయంతి చెవులు వేడెక్కాయి. ఆ సంతోషాన్ని ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు తలుచుకుని సిగ్గుపడిందో చెప్పలేం.

క్యాండిలును ఆమే దూదిలో చుట్టింది. ఒకచోట తగిలి అరిగిపోకూడదని అడుగున ఇంకొంచెం దూది పెట్టింది. మూత వేసే ముందు గాటు ఉన్న ఆ వేలిగుర్తులో మళ్లీ ఒకసారి తన వేలు ఆనించింది. నీ మాట చేరుస్తున్నాను అనుకుంది.

*

కొన్నాళ్లు ఏ కబురూ లేదు. వానలు మొదలయ్యాయి. గవరమ్మ షెడ్డుకు వెళ్తూ గొడుగు మరిచిపోయి తడిసి వస్తోంది. లోకనాథం వంగ నారు వేశాడు. దమయంతికి మాత్రం ఆ ఆడగొంతు చెవిలోనే ఉండిపోయింది. బస్సులో, భోజనం దగ్గర, ఎక్కడున్నా. ఇప్పటికి తలుపులు తీసి ఉంటారనుకునేది. పిల్లలు గోడ ఇవతలికి వచ్చి ఉంటారనుకునేది.

ఒక ఉదయం చక్రపాణి ఫోన్ చేశారు. గొంతులో హుషారుంది. “మన ఆందోళన వాళ్లకు తెలియజేశాం అమ్మా. విందులో, వాళ్ల మంత్రిగారితోనే. ఆయనేమీ నొచ్చుకోలేదు, క్యాండిలు తీసుకుని స్వయంగా పరిశీలిస్తామన్నారు. విచారణ కూడా జరిపారట. అలాంటిదేమీ లేదని తేలింది. పైగా నాణ్యత ఇంకా పెంచారట. కొత్త సరుకు చూడు, నీకే తెలుస్తుంది.”

కొత్త సరుకు ఆ వారమే వచ్చింది. పెట్టె మూత తీయగానే తేడా కనిపించింది. అన్నీ ఒకే నీలం. అన్నీ ఒకే నునుపు. దమయంతి ఒక క్యాండిలు తిప్పి అడుగు చూసింది. వేలిగుర్తు లేదు. ఇంకొకటి చూసింది. లేదు. పెట్టెలోని క్యాండిళ్లన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఒక్కదాని మీదా ఎవరి వేలూ లేదు.

అప్పుడు ఆమెకు అర్థమయింది. పెట్టె అంచు మీద కూర్చుండిపోయింది.

“ఏమైందే?” అంది వైదేహి.

“మేడం... నేను పంపిన దాని మీద ఆమె వేలు ఉందండీ. గాటున్న వేలు. పాడింది ఎవరో వాళ్లు వెతుక్కోనక్కరలేదు. అందరి చేతులూ చాపించి చూస్తే చాలు.”

వైదేహి కూడా ఒక క్యాండిలు తీసి అడుగు చూసింది. “ఆమె వేలో కాదో మనకేం తెలుసు? మనం ఏదో మంచికే...” అంది.

దమయంతి ఒక క్యాండిలు మిషనెక్కించింది. సారె వేగానికి తగ్గించింది. బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. పాట లేదు. మాట లేదు. దగ్గు కూడా లేదు. నోళ్లకు గుడ్డలు కట్టారో, నోరు తెరిస్తే ఏం చేస్తామన్నారో. అంతమంది ఉన్న గది అలా ఉండటం ఎలా సాధ్యమో ఆమెకు తోచలేదు.

హెడ్‌ఫోన్లు తీయబోతూ ఆగింది. తపతపమని అరచేతులు. మట్టి ముద్దలు చరుస్తున్నారు, పని కదా, దాన్ని ఎవరూ ఆపలేరు. ఆ చరుపు ఆమెకు తెలుసు. విను మట్టీ విను. నోటితో అననిది చేతులతో అంటున్నారు. తర్వాత, ముందు పాడే మనిషి చరణం రావలసిన చోట, చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

చరణమంత ఖాళీ.

మళ్లీ అన్ని చేతులూ కలిసి వంత చరిచాయి. మళ్లీ ఖాళీ.

*

అరుగు మీద, పగటి వెలుగులోనే, దమయంతి తల్లీదండ్రులకు అంతా చెప్పేసింది. ఫోన్లో ఎక్కించుకొచ్చిన చప్పుడు వినిపించింది. తర్మేన్ మంత్రి వస్తున్నాడని, ఒప్పందం మళ్లీ రాసుకుంటారని, సభలో తనను మట్టిచెవి నడిపి చూపించమన్నారని చెప్పింది. “పగుళ్లు లేవు అని ఒక్క మాట చెప్పి దిగిపొమ్మన్నారు.”

“అయితే అదే సెప్పు” అంది గవరమ్మ వెంటనే. “నీకెందుకే? మంత్రులు, దొరలు ఉన్నారు. మాటంటే మట్టి ఆపీత్తారు. మీ నాన్న మళ్లీ ఆ సూదుల మంచమెక్కాలేటి? ఈదిలో పిల్లగుంటలందరూ మళ్లీ బోరునీల్లు తాగాలేటి?”

“నేను పంపబట్టే కదమ్మా ఆమెను పట్టుకున్నారు.”

గవరమ్మ ఏదో అనబోయింది. ఫోన్లో చేతులు ఇంకా చరుస్తున్నాయి. ఖాళీ వచ్చింది. ఆమె తల పక్కకు వాల్చి, ఆ ఖాళీ అయ్యేదాకా విన్నది. తర్వాత తన చేతుల్ని ఒళ్లో తిరగేసుకుని చూసుకుంది. నల్లగా, గీతలు లేకుండా ఉన్న వేళ్లు.

“నా ఏలైతే ఆలకి దొరికీది కాదే” అంది.

ఆ తర్వాత ఆమె లోపలికి వెళ్లి పొయ్యి ముట్టించింది. చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

లోకనాథం గ్లాసును అరుగు అంచున పెట్టాడు. “నానొక మాట సెప్తాను ఇనుకో. నువ్వు మాటాడితే మాటాడు, మానితే మాను. అది నీ ఇష్టం. కానీ మా నాన్న కోసమే ఊరుకున్నాను అని మాత్తరం రేపు అనుకోకు. నన్ను అడ్డం పెట్టుకోకు.”

“భయమేస్తోంది నాన్నా.”

“నాకూ ఏస్తాది” అన్నాడాయన.

*

జూనియర్ కాలేజీ మైదానంలో షామియానా వేశారు. రెండు దేశాల జెండాలు, మామిడాకులు, ఎండ. వేదిక మీద తెల్లజుట్టు తర్మేన్ మంత్రి చిరునవ్వుతో అందరికీ దండాలు పెడుతున్నాడు. ఆయన పక్కన చక్రపాణి, ఆయన మాటలను తెలుగులోకి, వీళ్ల మాటలను తర్మేనీలోకి మారుస్తున్నారు. క్యాండిళ్ల వల్ల బతికి బయటపడ్డవాడిగా మొదటి గ్లాసు లోకనాథానికి ఇచ్చారు. రెండోది మంత్రి తాగాలి. అంతకుముందు మట్టిచెవి పరీక్ష.

దమయంతి కొత్త సరుకులోని క్యాండిలును మిషనెక్కించి నిలబడింది. చీర కొంగు చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. ముందు వరుసల్లో జీడి షెడ్డు ఆడవాళ్లు, వాళ్ల మధ్య అమ్మ. “మన గవరమ్మ కూతురే అదిగో” అంటోంది పారమ్మ పక్కావిడతో, మైదానమంతా వినపడేట్టు. “మాటాడితే ముత్యాలు రాలిపోతాయని దాసుకుంతాది.”

వేగం మీట దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఎప్పటి వేగంలోనే ఉంచితే బుస్సుమంటుంది, అంతే. పగుళ్లు లేవని చెప్పి దిగిపోవచ్చు. ఈ సభలో ఎవరికీ తెలియదు. తర్మేన్‌లో ఎవరికీ తెలియదు. ఇష్కా లోయలో ఆ ఆడవాళ్లకైనా, ఇంత దూరాన వింటున్నది ఎవరో తెలియదు.

ఆమె వేగాన్ని సారె వేగానికి తగ్గించి, శబ్దం పెద్ద స్పీకర్లలోకి వదిలింది.

తపతపమని చేతులు మైదానమంతా చరిచాయి. మంత్రి చిరునవ్వు అలాగే ఉంది. జీడి షెడ్డు ఆడవాళ్లు అలవాటు చొప్పున ఒళ్లో చేతులు ఆడించారు. ఇద్దరు ముగ్గురు తొడ మీద తాళం కూడా వేశారు. అప్పుడు ఖాళీ వచ్చింది. పారమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆ వరుస మొత్తం ఆగిపోయింది. వంత మళ్లీ మొదలైనప్పుడు ఒక్కరూ చెయ్యి కదపలేదు. పారమ్మ గవరమ్మ వైపు తిరిగి, లోగొంతుతో ఏదో అడిగింది. గవరమ్మ తల ఆడించింది.

మంత్రి ఏదో అన్నాడు. చక్రపాణి గొంతు సవరించుకున్నారు. “ఇది ఏ సంగీతమని మంత్రిగారు అడుగుతున్నారు.” చూపుతోనే ఆమెను బతిమాలుతున్నారు.

దమయంతి మైకు దగ్గరకు వచ్చింది. అది కీచుమంది.

“సంగీతం కాదండీ. పాట. పాడేవాళ్ల నోళ్లు మూశారు కాబట్టి చేతులతో పాడుతున్నారు.”  మైకును దగ్గరకు లాక్కుని మళ్లీ అంది. “మధ్యలో ఆగుతున్నది ముందు పాడే మనిషి జాగా అండీ. ఆమె బొటనవేలి మీద ఏటవాలుగా గాటు ఉంటుంది. ఆ వేలిముద్ర ఉన్న క్యాండిలును మీకు పంపింది నేనే. మంచి చేస్తున్నాననుకుని పంపాను. ఆమె ఎక్కడుంది? ఏం చేశారు? పిల్లల్ని ఆమెకు చూపించారా?”

 ఇప్పుడంతా చక్రపాణి చేతిలో ఉంది. ఇది ఇక్కడి కూలీల పాట, మీ గౌరవార్థం వినిపించారు అంటే సరిపోతుంది. ఆయనకు ఆ మాట నాలుక చివరి దాకా వచ్చినట్టే కనబడింది. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. మాట్లాడటం మొదలుపెట్టారు. తర్మేనీ దమయంతికి రాదు. ఆయన ఏమంటున్నారో తెలియక ఆమె ఆయన ముఖాన్నే చూస్తోంది. ఉన్నట్టుండి ఆయన తన బొటనవేలు పైకెత్తి, రెండో చేతి వేలితో దాని మీద ఏటవాలుగా ఒక గీత గీసి చూపించారు.

మంత్రి చిరునవ్వు పోయింది. చేతిలోని గ్లాసును బల్ల మీద పెట్టేశాడు. తాగలేదు.

*

ఒప్పందం ఆ రోజు రాసుకోలేదు. చక్రపాణిని ఎక్కడికో బదిలీ చేశారని తర్వాత తెలిసింది. దమయంతిని మిషను దగ్గర నుంచి తీసి స్టోరు గదిలో కూర్చోబెట్టారు. ఓడ రాలేదు. ఉన్న క్యాండిళ్లు అరిగిపోయాయి. వీధిలో పిల్లలు మళ్లీ బోరు దగ్గర చేతులు పట్టి తాగుతుంటే, ఆమె తల వంచుకుని పక్కనుంచి నడిచేది. “మూగగుంటకి మైకు దొరికితే ఊరు ములిగిపోనాది” అని ఒకాయన బస్సులో ఆమె వినేట్టే అన్నాడు. ఆమెకు కోపం రాలేదు. లోకనాథం ఆస్పత్రి మంచం మీద చెయ్యి చాపి పడుకుంటే, గొట్టంలో తిరిగే రక్తాన్ని చూస్తూ పక్కన కూర్చునేది. ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. అంటే బావుండునని ఆమెకు అనిపించేది. అక్కడ ఒకామెకూ ఇక్కడ ఇందరికీ తానే కీడు చేసిందని అనిపించేది. ఏది ఎక్కువో తూచుకోవడం మాత్రం రాలేదు.

చలి తగ్గే రోజుల్లో ఓడ వచ్చింది. ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో పేపర్లో రాయలేదు. “రెండు దేశాల స్నేహం” అని మాత్రం రాశారు. వైదేహి స్టోరు గదికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, “రా” అంది. అంతే అంది.

దమయంతి కొత్త క్యాండిలు మిషనెక్కించింది. వేగం తగ్గించింది. చేతులు వచ్చాయి. వంత వచ్చింది. ఖాళీ రావలసిన చోట ఆమె హెడ్‌ఫోన్లను చెవులకు నొక్కుకుంది.

ఖాళీ రాలేదు. ఒకే ఒక్క అరచెయ్యి, మెల్లగా, చరణమంతా చరిచింది. తర్వాత అందరి చేతులూ అందుకున్నాయి.

ఆ సాయంత్రం ఇంట్లో కుండకు క్యాండిలు బిగిస్తుంటే లోకనాథం అడిగాడు. “ఏటి ఇనపడ్డాదమ్మా?”

“ఒక చెయ్యి నాన్నా. ముందు పాడే మనిషి జాగాలో ఒకే చెయ్యి.”

“అయితే ఆవిడ తిరిగొచ్చీసినాదే!” అంది గవరమ్మ గబగబా. కూతురి ముఖం చూసి ఆగింది. మిగతాది ఎవరూ అనలేదు. అనక్కరలేదు కూడా. పెద్దకర్మ అయిపోతే ఆ జాగాను ఇంకొకరు అందుకుంటారని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇష్కా లోయలో ఆచారం ఎలా ఉంటుందో మాత్రం ఎవరికీ తెలియదు.

“ఆ చెయ్యి ఎవులిదో అడుగు” అన్నాడు లోకనాథం.

“ఎవరిని నాన్నా? చక్రపాణి గారు కూడా లేరు.”

“ఎవులున్నారో ఆలనే. సెప్పీదాకా అడుగు.”

కుండలో మొదటి చుక్క పడింది. ఇంకా బిగించని రెండో క్యాండిలును దమయంతి చేతిలోకి తీసుకుని తిరగేసింది. అడుగున బొటనవేలు పెట్టి చూసింది. నున్నగా ఉంది. వేలు ఎక్కడా ఆగలేదు.